ఐస్ హాకీ లీగ్‌లో చివరికి ఎవరు ఎక్కడుంటారో సీజన్ మధ్యలో చెప్పొచ్చా?
కొంతవరకు చెప్పొచ్చు, కానీ పాయింట్ల పట్టిక ఒక్కటే చూసి కాదు. మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాను పైపైన చూసి ధర కట్టరు, లోపల చెయ్యి పెట్టి పిడికెడు తీసి చూస్తారు. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో గెలిస్తే 2 పాయింట్లు, స్కోరు సమమై ఓవర్‌టైమ్‌లో (అదనపు సమయంలో) ఓడినా 1 వస్తుంది. కాబట్టి అలా ఓడుతూ వచ్చిన జట్టు కూడా పట్టికలో బాగానే కనిపిస్తుంది. నేనైతే కొట్టిన గోల్స్‌కూ ఇచ్చిన గోల్స్‌కూ తేడా చూస్తాను.

అసలు టెన్షన్ గోల్‌కీపర్‌తోనే. 2019 జనవరి 3న సెయింట్ లూయిస్ బ్లూస్ 31 జట్లలో అట్టడుగున ఉంది. నాలుగు రోజులకు కొత్త గోల్‌కీపర్ కుర్రాడు జోర్డాన్ బిన్నింగ్టన్‌ను తొలిసారి మొదటి నుంచీ ఆడించారు, ఒక్క గోల్ కూడా పోనివ్వలేదు. జూన్‌లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ వాళ్లదే! ఆ జనవరి పట్టిక పట్టుకుని ఇది ఎవరు చెప్పగలరు?