కరాచీ బేకరీ పాకిస్తాన్ వాళ్లదా?
ఫలక్‌నుమా రైలెక్కి హైదరాబాద్ నుంచి మా బరంపురం వచ్చే చుట్టాల సంచిలో కరాచీ ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా ఉండాల్సిందే. పేరు చూసి అందరికీ ఇదే అనుమానం.

కాదండీ, అచ్చంగా హైదరాబాద్‌దే. దేశ విభజనప్పుడు సింధ్ నుంచి వలస వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలుపెట్టారు. తర్వాత ఆయన కుటుంబమే నడుపుతూ వచ్చింది. పుల్వామా దాడి తర్వాత, 2019లో, గొడవకు భయపడి బెంగళూరు బ్రాంచి బోర్డు మీద ‘కరాచీ’ని గుడ్డతో కప్పాల్సి వచ్చింది. విభజనలో ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన కుటుంబం మీద ఆ కోపమేమిటో!

అన్నట్టు, బిస్కెట్లో ఎర్రగా, ఆకుపచ్చగా తగిలే ముక్కలు ఖరీదైన పండ్లేం కావు. పచ్చి బొప్పాయిని చిన్నగా తరిగి, ఉడికించి, రంగు కలిపిన పంచదార పాకంలో ఊరబెట్టి ఆరబెడితే వచ్చే టూటీ ఫ్రూటీ.