పాలు చాలుతున్నాయి, నిద్రే చాలట్లేదు

ప్రశ్న: పాప పుట్టి 38 రోజులు. అమ్మకు మోకాలి ఆపరేషన్ కావడంతో 21వ రోజు అవగానే పుట్టింటి నుంచి హైదరాబాద్ వచ్చేశాను. సాయానికి అత్తయ్య వచ్చారు. రోజూ సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా పాప ఒకటే ఏడుపు. ‘నీకు పాలు పడలేదు, డబ్బాపాలు కలుపు’ అంటారు అత్తయ్య. పుట్టినప్పుడు 2.9 కిలోలు, మొన్న తూస్తే 3.7. రోజుకు ఏడెనిమిది సార్లు తడుపుతుంది. మావారు పొద్దున్నే ఆఫీసని హాల్లో పడుకుంటారు. నేను వరసగా రెండు గంటలు నిద్రపోయి ఎన్నాళ్లయిందో. ఊరికే కన్నీళ్లొస్తున్నాయి. ఈ పిల్లను ఎందుకు కన్నానా అని కూడా అనిపించింది. నేను చెడ్డ తల్లినా?

జవాబు: కాదు. ఆ కన్నీళ్ల సంగతికి మళ్లీ వస్తాం. ముందు పాల లెక్క తేల్చుకోండి, ఇంట్లో గొడవంతా దాని చుట్టూనే తిరుగుతోంది కాబట్టి.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి చెప్పలేం. తూకం, తడి చూడాలి. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కాస్త తగ్గి, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు వస్తుంది. అక్కణ్నుంచి మూడు నెలల దాకా రోజుకు 20–30 గ్రాములు పెరిగితే సరిపోతుంది. మీ పాప 800 గ్రాములు పెరిగింది. రోజుకు ఆరుసార్లు తడిపినా చాలు, ఏడెనిమిది సార్లు తడుపుతోంది. డబ్బాపాలు అక్కర్లేదు. పాలు తాగేకొద్దీ ఊరతాయి. సాయంత్రం డబ్బాపాలు పడితే ఆ పూట రొమ్ము ఖాళీ కాదు, కొన్నాళ్లకు ఊట తగ్గుతుంది. అప్పుడు అత్తయ్యగారి మాటే నిజమని అందరూ అంటారు. మంచినీళ్లు ఆరు నెలలు నిండేదాకా, తేనె ఏడాది నిండేదాకా వద్దు. తేనెలో ఉండే ఒకరకం బాక్టీరియా పసిపేగుల్లో విషం పుట్టించి ఒళ్లు చచ్చుబడేలా చేయగలదు, నాలుక మీద రాసేంత అయినా సరే.

మరి ఆ ఏడుపేమిటంటే, చాలామంది పిల్లలకు రెండు మూడు వారాలప్పుడు మొదలై, ఆరో వారంలో బాగా ముదిరి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోయే సాయంకాలపు ఏడుపు. మీరు సరిగ్గా దాని నడినెత్తిన ఉన్నారు. ఆ వేళ అరగంటకోసారి రొమ్ము అడుగుతారు, రొమ్ములు మెత్తబడి ఖాళీ అయినట్టుంటాయి. రెండూ మామూలే, అడిగినప్పుడల్లా ఇవ్వండి. ఏడు గంటలకు చాలా ఇళ్లలో కనిపించేది ట్యూబ్‌లైటు, టీవీ, ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి మారే బిడ్డ. ఐదున్నరకే ఒక గదిలో లైటు తగ్గించి, ఫ్యాను శబ్దం మాత్రం ఉంచి, పాపతో ఒక్కరే ఉండండి. చేతులు లోపలుండేలా పలచని నూలుగుడ్డ చుట్టండి, తొడలు కదిలేంత వదులుండాలి. పట్టేటప్పుడు నోరు బాగా తెరిచి, కింది పెదవి బయటికి మడిచి, గడ్డం రొమ్ముకు ఆనాలి. చనుమొన ఒక్కటే పట్టుకుంటే మీకు నొప్పి, తనకు గాలి. తాగాక పది నిమిషాలు భుజం మీద నిటారుగా వేసుకోండి. ఏం చేసినా ఆగకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు గది బయటికి వెళ్లి రండి. ఎంత విసుగొచ్చినా బిడ్డను కుదపొద్దు.

100.4 డిగ్రీల జ్వరం, ఆకుపచ్చ రంగు వాంతి, విరేచనంలో రక్తం, పాలు తాగకుండా మందకొడిగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక రాత్రి. దీనికి మీవారు కావాలి. ఆయన ఈ జవాబు చదివితే మంచిది. మీకు రోజూ కనీసం నాలుగు గంటల ఏకధాటి నిద్ర దక్కాలి, మిగతాదంతా దాని చుట్టూ సర్దుకోవాలి. తొమ్మిదిన్నరకు పాలిచ్చి, ఏడుపు ఇంకా నడుస్తున్నా సరే పాపను ఆయనకిచ్చి మీరు వేరే గదిలో తలుపేసుకుని పడుకోండి. రెండింటిదాకా పాప బాధ్యత ఆయనది. రెండు నుంచి ఏడు దాకా ఆయన నిద్రపోతారు, మీరు చూసుకుంటారు. ఐదున్నరకల్లా లేచే అత్తయ్యగారు పాపను అందుకుంటే మీకు ఇంకో గంటన్నర దొరుకుతుంది. మధ్యలో పట్టడానికి పొద్దున పిండిన పాలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఒక్క పూటకు 80–100 మిల్లీలీటర్లు చాలు. బయటైతే నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఆగుతాయి. పొయ్యి మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో ఉంచి, ఉగ్గుగిన్నెతో నిదానంగా పట్టాలి. ఆయనకో మాట: బిడ్డను గుండెల మీద వేసుకుని సోఫాలో కునుకు తీయొద్దు, ఊపిరాడక ప్రాణం మీదికొస్తుంది. గట్టి పరుపు మీద, తలగడ లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆవాల దిండు కూడా అక్కర్లేదు.

అత్తయ్యగారితో మీరు వాదించొద్దు. పాలు చాలుతున్నాయని ఆవిడ కొడుకు చెప్పాలి. ఎలాగూ ఇంకో నాలుగు రోజుల్లో పాపకు ఆరు వారాల టీకా ఉంది, ఆవిడను వెంట తీసుకెళ్లండి. అదే తూకం డాక్టరు నోట వింటే వేరుగా ఉంటుంది. నూనె మర్దన, స్నానం పూర్తిగా ఆవిడకే వదిలేయండి, మీకన్నా చేయి తిరిగినవారు. సాంబ్రాణి పొగ బిడ్డకు తగలకుండా చూడటం, ముక్కులో చెవిలో నూనె చుక్కలు వేయకపోవడం, కంటికి కాటుక పెట్టకపోవడం, ఈ మూడే అడగండి. పథ్యం పేరుతో నీళ్లు తగ్గిస్తుంటే మాత్రం ఒప్పుకోవద్దు. దాహమైనప్పుడల్లా తాగండి, పప్పు, గుడ్డు, ఆకుకూర తినండి. ఐరన్, కాల్షియం మాత్రలు ఒకేసారి వేసుకోవద్దు, ఒకదాని వల్ల రెండోది సరిగా ఒంటబట్టదు.

ఇప్పుడు ఆ కన్నీళ్లు. కాన్పయిన మూడు నాలుగు రోజులకు దిగులు, ఏడుపు చాలామందికి వస్తాయి, రెండు వారాల్లో పోతాయి. మీకు 38 రోజులైనా పోలేదు కాబట్టి నిద్ర మీదికి నెట్టేసి ఊరుకోలేం, ప్రసవానంతర కుంగుబాటు అవునో కాదో చూపించుకోవాలి. ‘ఎందుకు కన్నానా’ అనిపించడం ఈ స్థితిలో చాలామంది తల్లులు లోలోపల పడే బాధే. టీకా రోజునే మీ ఆరు వారాల చెకప్ కూడా పెట్టుకుని, ఆ మాటను ఉన్నదున్నట్టు గైనకాలజిస్టుకు చెప్పండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు అడగండి, అవి తేడాగా ఉన్నా ఇలాగే ఉంటుంది. మందు అవసరమైతే పాలిస్తూనే వాడుకోదగ్గవి ఉన్నాయి. అర్ధరాత్రి మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, ఖర్చేమీ లేదు. మిమ్మల్ని మీరు ఏదైనా చేసుకోవాలనో, పాపను ఏదైనా చేస్తానేమో అనో అనిపిస్తే ఆ క్షణమే మీవారిని లేపి చెప్పండి. ఆయన మిమ్మల్ని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.