కొత్తగా తనిఖీకి వెళ్లే మా అమ్మాయికి

అమ్మడూ,

కాలుష్య నియంత్రణ మండలిలో నీకు ఉద్యోగం వచ్చిందనీ, పోస్టింగు మన పల్నాడు వైపేననీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. గనుల శాఖలో 30 ఏళ్లు తిరిగినవాణ్ణి కదా, నాలుగు మాటలు రాయాలనిపించింది, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు ఎవరి పని ఏదో తెలుసుకో. ఒకే సున్నపురాయి సిమెంటు ఫ్యాక్టరీకి పోతే మేజర్ మినరల్, దాన్ని ఎలా తవ్వాలో చెప్పే మైనింగ్ ప్లానూ, తవ్వకం అయ్యాక గనిని ఎలా మూయాలో చెప్పే క్లోజర్ ప్లానూ కేంద్రం కిందున్న ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ చూస్తుంది. అదే రాయిని నాపబండలుగా కోసి ఇంట్లో పరిస్తే మైనర్ మినరల్, అప్పుడు రాష్ట్ర గనుల శాఖదే బాధ్యత. 2015లో కేంద్రం 31 ఖనిజాలను మైనర్ జాబితాలోకి మార్చాక మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) కూడా రాష్ట్రం చేతికొచ్చింది, 2025లో కేంద్రం దాన్ని మళ్లీ మేజర్‌లో చేర్చింది. ఇక ఫ్యాక్టరీలో కరెంటు, బొగ్గు ఎంత వృథా అవుతోందో చూడాల్సింది 2001 ఇంధన పొదుపు చట్టం కింద రాష్ట్రం నియమించిన సంస్థ, మన దగ్గర అది రాష్ట్ర ఇంధన పొదుపు మిషన్. నీ వంతు నీరు, గాలి, దుమ్ము. ఇంతమంది ఉన్నా, ఎవరి ముక్క వాళ్లు చూసి సంతకం పెట్టి వెళ్లిపోతే తవ్వి వదిలేసిన గుంత మాత్రం అలాగే ఉండిపోతుంది. నీ పరిధి కానిది కంటబడితే వదిలెయ్యకు. తేదీ వేసి, సర్వే నంబరుతో సహా చూసింది చూసినట్టు రాసి ఆ శాఖకు పంపు, ఒక కాపీ కలెక్టరాఫీసుకు పెట్టు.

చూసింది మాత్రమే రాయి. ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఒకసారి ఒక క్వారీకి వెళ్తే, పేరు వద్దులే, కంచె పని జరుగుతోందని మేనేజరు చెప్పాడు, గుంజలు పాతి ఉన్నాయి, నేనూ రిపోర్టులో 'పని జరుగుతోంది' అని రాసేశాను. తీగ లేదన్న సంగతి రాయలేదు. ఆ వానాకాలం గుంత నిండింది, గేదెలను తోలుకొచ్చిన పదకొండేళ్ల పిల్లాడు అందులో దిగి మళ్లీ పైకి రాలేదు. ఆ రిపోర్టు కాపీ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. 'జరుగుతోంది' అన్న మాట నీ రిపోర్టులో ఎక్కడా కనబడకూడదు తల్లీ, ఎన్ని మీటర్లు వేశారో, ఎన్ని మీటర్లు మిగిలిందో కొలిచి రాయి.

సున్నపురాయి గుంతల్ని బొగ్గు ఓపెన్‌కాస్టుల్లోలా, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గనుల్లోలా పూడ్చడం కుదరదు. అక్కడ బొగ్గు మీద తీసిన మట్టీ రాయీ కొండలా పోగుపడతాయి, ఇక్కడ తవ్విందంతా దాదాపు ఫ్యాక్టరీకే పోతుంది కాబట్టి తిరిగి పొయ్యడానికి పెద్దగా ఏమీ మిగలదు. అందుకే ప్లానుల్లో తరచుగా చెరువుగా వదులుతామని రాస్తారు. చెరువు అనగానే సరే అనకు. చెరువులోకి పశువు దిగి, నీళ్లు తాగి, మళ్లీ ఎక్కి రాగలగాలి. నిట్టనిలువు గోడల మధ్య నీళ్లు నిలిస్తే అది చెరువు కాదు. ఒక్క వైపైనా వాలు చేశారా, మిగతా వైపుల కంచె ఉందా, వాననీరు లోపలికి వచ్చే దారిలో మట్టి ఆగే గుంట ఉందా చూడు.

పైమట్టి ఎక్కడ పోశారో అన్నిటికంటే ముందు అడుగు. రేగడి మట్టిని విడిగా, ఎత్తు తక్కువగా పొయ్యాలి, రాళ్లలో కలపకూడదు. ఏళ్ల తరబడి ఊరికే పడి ఉంటే దాని బలం పోతుంది, జనుమో జీలుగో పిల్లిపెసరో చల్లి నిలబెట్టుకోవాలి. దాన్ని రోడ్లకూ గట్లకూ వాడేసి, తీరా మొక్కలు నాటే రోజుకు ఖాళీ చేతులు చూపించేవాళ్లు ఉంటారు. మొక్కల లెక్క కూడా వానలు పడ్డాక తియ్యకు, అప్పుడన్నీ పచ్చగానే ఉంటాయి, మే నెలలో వెళ్లు. తవ్వకం అయిపోయిన నేలలో మళ్లీ గడ్డి, పశువుల మేత పెరిగేలా చెయ్యాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి గనులవాళ్లు ఎత్తరు, నువ్వే ఎత్తాలి.

ఫ్యాక్టరీ లోపలికి వెళ్లినప్పుడు భోజనాల వేళ కంప్రెసర్ లైన్ల (ఒత్తిడి గాలి గొట్టాల) పక్కన కాసేపు నిలబడు, బుస్సుమని గాలి కారే చప్పుడు వినబడితే అదంతా కరెంటు పోవడమే. పెద్ద ఫ్యాన్లు నిండా తిరుగుతుంటే డ్యాంపర్లు, అంటే గాలిని అడ్డే తలుపులు, సగం మూసి ఉన్నాయా చూడు, అదీ కరెంటు వృథానే. పెద్ద సిమెంటు ప్లాంట్లలో చట్ట ప్రకారం ఎనర్జీ మేనేజర్ ఉండాలి, ఆయన్ని పిలిచి గత ఇంధన ఆడిట్‌లో చెయ్యమన్నవాటిలో ఎన్ని చేశారో అడిగి, చెప్పింది రాసుకుని ఇంధన పొదుపు మిషన్‌కు పంపు. డిసెంబర్ 14న ఇంధన పొదుపు దినమని ర్యాలీలు, పోస్టర్లు ఎలాగూ ఉంటాయి, నాకు వాటికంటే ఆ ఆడిట్ కాగితమే ముఖ్యం.

కాగితాల్లో ఇంకొకటి. సెప్టెంబర్ 30 లోపు మీ ఆఫీసుకు వచ్చే పర్యావరణ నివేదికలో ముడిసరుకు, నీటి వాడకం లెక్కలు ఉంటాయి. రాయల్టీ (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుం) కట్టిన టన్నులను గనుల శాఖ నుంచి తెప్పించుకుని పక్కన పెట్టి చూడు, ఫ్యాక్టరీ దాఖలు చేసే ఇంధన వాడకం లెక్కల్లో (రిటర్నుల్లో) చూపిన ఉత్పత్తి కూడా చూడు. ఒకే ఏడాదికి మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే వెంటనే కోప్పడకు, రాతపూర్వకంగా వివరణ అడుగు.

ఊళ్లోకి వెళ్లకుండా మాత్రం తిరిగి రాకు. సమాచార హక్కు అర్జీకి గ్రామ స్థాయిలో ఫీజు లేదనీ, మండలంలో 5, ఆపైన 10 రూపాయలేననీ చాలామందికి తెలియదు, చెప్పు. గనులవాళ్లు కట్టే డబ్బుతో ఏర్పడే జిల్లా ఖనిజ నిధి కలెక్టరు చేతిలో ఉంటుందనీ, తాగునీటికి దాంట్లోంచి అడగొచ్చనీ చెప్పు.

మీ నాన్నతో నా 30 మీటర్ల టేపు పంపిస్తున్నాను. మొదటి మీటరులో అంకెలు అరిగిపోయాయి, 1 దగ్గర పెట్టి కొలుచుకుని చివర్లో ఒక మీటరు తీసెయ్యి.

మీ పెదనాన్న