సమాధానం: వారం సెలవు పెట్టినా అలసట తగ్గలేదంటే

వారం సెలవు పెట్టినా అలసట తగ్గలేదని రాసిన డాక్టరు గారూ, సెలవులోనూ వార్డు ఫోన్లు ఎత్తారు కదా, కారణం అక్కడే ఉంది. కందుకూరులో ఇంట్లో వారం పడుకున్నా, డ్యూటీలో చేరిన రెండో రోజుకే రోగుల మీద చిరాకు అన్నారు. ఇది బర్న్‌అవుట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం) లాగే ఉంది.

1. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు. మీకు మీరే మందు రాసుకోకండి, వేరే డాక్టరుకు చూపించుకోండి.

2. చాలామంది వదిలేసేది అప్పగింత. ఏ రోగిని ఎవరు చూస్తారో పేర్లతో రాసి, సూపరింటెండెంట్ సంతకం తీసుకున్నాకే సెలవులో వెళ్లండి. వార్డు వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రండి. మ్యూట్ చాలదు, చెయ్యి ఊరుకోదు.

3. వరుస నైట్ డ్యూటీలు వద్దని మళ్లీ డ్యూటీలో చేరేముందే అడగండి. రోస్టర్ (డ్యూటీల పట్టిక) మారకపోతే మైపాడు బీచ్‌లో నెల కూర్చున్నా ఇంతే.

బతకాలనిపించకపోతే మాత్రం సెలవు దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు.