ఆయన అబద్ధం చెప్పాడా, నేను సరిగ్గా అడగలేదా?

ప్రశ్న: మేడమ్, నేను ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. సర్జికల్ వార్డులో పనిచేస్తున్నాను. జారిపడి కాలు విరిగి చేరిన ఒకాయన రెండో రాత్రి వణికిపోతూ, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ మంచం దిగబోయాడు. చేతులు కట్టేశాం. రోజూ తాగే మనిషని తెల్లారాక తెలిసింది. చేర్చుకునేటప్పుడు నేనే అడిగితే లేదన్నాడు. అబద్ధం చెప్పాడని కోపంగా ఉంది. ఇలాంటివాళ్ల దగ్గరికి వెళ్లాలంటేనే టెన్షన్. నేనేం చేసుండాల్సింది?
– ఒక స్టాఫ్ నర్సు

జవాబు: అమ్మా, ముందు ఒకటి గుర్తు తెచ్చుకోండి. మీరు అడిగినప్పుడు ఆయన పక్కన ఎవరున్నారు?

కొత్తలో నేనూ ఒక పెద్దాయన్ని కూతురి ఎదుటే అడిగాను, అదీ ఎలాగంటే, "తాగుడు అలవాటేం లేదు కదా?" అని. ఆయన కూతురి వంక చూసి లేదన్నాడు. నేను కేస్ షీట్‌లో అలాగే రాశాను. మర్నాడు సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. చాలాకాలం ఆయన్నే తప్పుపట్టాను. ఆ జవాబు నా ప్రశ్నలోనే ఉందని తర్వాత ఎప్పటికో అర్థమైంది.

అందుకే ఇప్పుడు ఇంటివాళ్లు బయటికెళ్లాక, కర్టెన్ లాగి, కూర్చుని అడుగుతాను. "మందులు సరిగ్గా ఇవ్వడానికి అడుగుతున్నాను, రోజూ ఎంత తీసుకుంటారు? ఆఖరిసారి ఎప్పుడు?" ఇలా అడిగితే చాలామంది దాచరు.

ఆ "ఎప్పుడు" చాలా ముఖ్యం. రోజూ మద్యం మెదడుని అణచిపెడుతుంటే, దానికి ఎదురీదడానికి మెదడు ఎప్పుడూ ఉద్రేకంగా ఉండటం అలవాటు చేసుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ ఉద్రేకానికి అడ్డుండదు. ఆఖరి గ్లాసు తర్వాత ఆరేడు గంటలకే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. మతి తప్పి, జ్వరం వచ్చి, బీపీ పెరిగిపోయే డెలీరియం ట్రెమెన్స్ సాధారణంగా 48 నుంచి 96 గంటల మధ్య. చూసుకోకపోతే ప్రాణం పోవచ్చు. మీ పేషెంటుకి రెండో రాత్రి రావడం విచిత్రమేమీ కాదు.

వణుకు కనిపించగానే డాక్టరుకు చెప్పండి. మద్యం ఆపాక వచ్చే లక్షణాల తీవ్రతని కొలిచే సీవా (CIWA-Ar) స్కేలులో పది అంశాలుంటాయి, మొత్తం 67 పాయింట్లు. దాన్ని ఒకసారి వేసి వదిలేయకూడదు, డాక్టరు చెప్పిన వ్యవధిలో మళ్లీ మళ్లీ చూడాలి. మత్తుకి మళ్లీ మత్తుమందేనా అని ఆ ఉద్రేకాన్ని తగ్గించే లోరాజెపామ్ లాంటివి ఇవ్వడానికి జంకే నర్సుల్ని చూశాను. రాసిన డోసు వేళకి ఇవ్వండి, ఇచ్చాక శ్వాస గమనించండి. థయమిన్ (విటమిన్ బి1) రాశారో లేదో అడగండి. ఈ రోగుల్లో అది తక్కువగా ఉంటుంది. అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది కాబట్టి వీలైతే ముందుగా థయమినే పడాలి. అయితే షుగరు పడిపోయి ఉంటే గ్లూకోజు ఆపకూడదు. ఇంకో మాట, మీ పేషెంటు జారిపడి వచ్చాడు. మతి తప్పడమంతా తాగుడు వల్లే అనుకుంటే తలకి తగిలిన దెబ్బ తప్పిపోతుంది. అదీ డాక్టరుకి గుర్తుచేయండి.

చేతులు కట్టడం చివరి మార్గం. కట్టేస్తే మరింత పెనుగులాడతాడు, ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. తప్పనిసరైతే డాక్టరు ఆదేశంతో, ఒకరు పక్కనే ఉండి, చేతుల్లో రక్తప్రసరణ చూస్తూ, వీలైనంత త్వరగా విప్పేయాలి. పురుగులు లేవని వాదించకండి, ఉన్నాయనీ అనకండి. "మీకు కనిపిస్తున్నాయి, భయంగా ఉంది కదా. నాకైతే కనిపించడం లేదు. నేనిక్కడే ఉంటాను" అనండి. నీడలు పడకుండా లైటు వేసి ఉంచండి. గంటగంటకీ కొత్త ముఖం కాకుండా ఒకే నర్సు ఉంటే ఎంత తేడానో మీరే చూస్తారు.

మీ కోపం నాకర్థమవుతుంది. కానీ డ్యూటీ అప్పగించేటప్పుడు "ఆ తాగుబోతు కేసు" అన్నామంటే, తర్వాతి షిఫ్టు నర్సు కూడా ఆ కోపంతోనే ఆయన దగ్గరికి వెళ్తుంది. "మద్యం ఆపడం వల్ల లక్షణాలున్న పేషెంటు" అనండి.

ఆయన ఇంకా వార్డులోనే ఉంటే, తేరుకున్నాక ఒకసారి పక్కన కూర్చోండి. ఆ రాత్రి ఆయనకు సరిగ్గా గుర్తుండకపోవచ్చు. ఏం జరిగిందో మెల్లగా చెప్పండి. మానెయ్యమని ఇంట్లో అందరూ చెప్పే ఉంటారు, మీరు ఆయన చెప్పేది వినండి. మళ్లీ మొదలుపెడితే ఇంట్లో ఉన్నపళంగా ఆపొద్దని, ఆపాలనుకున్న రోజు ఆసుపత్రికి రమ్మని చెప్పండి. ఆ మాట కేస్ షీట్‌లో కూడా రాయండి.