రద్దు బటన్ ఎక్కడ దాచారు?

ప్రశ్న: నెల రోజులు ఉచితం అంటే ఒక వ్యాయామం యాప్‌లో చేరాను. నచ్చలేదు. మానేద్దామంటే దారి దొరకదు, ఎక్కడ నొక్కినా మళ్లీ మొదటి పేజీకే వస్తున్నాను. ఈలోగా ఏడాది చందా కార్డులోంచి పోయింది. ‘చూసుకుని నొక్కాలి కదమ్మా’ అంటున్నాడు మా అబ్బాయి. నిజంగా నా అజాగ్రత్తేనా? ఒక స్క్రీన్‌షాట్ కూడా పంపుతున్నాను.
– ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: కాదండీ. స్క్రీన్లు డిజైన్ చేయడమే నా వృత్తి కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. చేరడానికి ఒక్క నొక్కు చాలినప్పుడు, మానడానికి ఇన్ని పేజీలు దాటాల్సి రావడం యాదృచ్ఛికం కాదు. వాటిలో ప్రతి పేజీనీ ఎవరో కూర్చుని, ఆలోచించి తయారుచేశారు.

మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూడండి. మధ్యలో నిండు ఆకుపచ్చ రంగులో పెద్ద బటన్: ‘నా ప్రయోజనాలు కొనసాగించండి’. దాని కింద తెల్లటి స్క్రీన్ మీద లేత బూడిద రంగులో చిన్న అక్షరాలు: ‘వద్దు, నాకు ఆరోగ్యం అక్కర్లేదు’. అది బటన్ అని తెలియడానికి చుట్టూ గడి లేదు, కింద గీత లేదు. కళ్లజోడు పెట్టుకుని వెతికినా అది నొక్కేదని అనిపించదు. పైగా, మానేయాలంటే ఆరోగ్యం అక్కర్లేదని మీ చేతే అనిపిస్తున్నారు! డబ్బు పోవడం కంటే నాకు దీనికే ఎక్కువ కోపం వచ్చింది.

ఇలాంటి ఎత్తులకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టారు. ఇవి నిలబడిపోవడానికి కారణం కొలిచే పద్ధతి. సగం మందికి ఒక పేజీ, మిగతా సగానికి ఇంకో పేజీ చూపిస్తారు. ఎక్కడ ఎక్కువ మంది చందా మానకుండా ఉండిపోతే ఆ పేజీ ఖాయం. ఇష్టపడి ఉన్నవాళ్లూ, విసిగిపోయి వదిలేసినవాళ్లూ ఆ లెక్కలో ఒకటే. మీ విసుగు అక్కడ మీ ఇష్టంగా నమోదవుతుంది.

దీన్ని చట్టం కూడా గుర్తిస్తోంది. ముందే టిక్ పెట్టి ఉన్న గడిని మనం తీసేయనంత మాత్రాన కుకీలకు, అంటే మనల్ని గుర్తుపట్టడానికి వెబ్‌సైట్లు మన ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాచే చిన్న ఫైళ్లకు, ఒప్పుకున్నట్టు కాదని 2019లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. కుకీలకు ‘సరే’ అనడం ఒక్క నొక్కుతో అయిపోతుంటే, ‘వద్దు’ అనడానికి ఎక్కువ నొక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది. అంత పెద్ద సంస్థలనే తప్పుపట్టిన విషయంలో మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఈ పేరా మీ అబ్బాయికీ చూపించండి.

ఇక చేయాల్సిన పని. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే చందా ఆగదు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఫోన్‌లోని యాప్ స్టోర్ ద్వారా కట్టి ఉంటే, స్టోర్ తెరిచి మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కండి. ‘సబ్‌స్క్రిప్షన్స్’ అనే చోట మీ చందాలు కనిపిస్తాయి, రద్దు కూడా అక్కడే. కార్డుతో నేరుగా కట్టి ఉంటే కంపెనీకి ఈమెయిల్ రాయండి. డబ్బు వాపసు అడగండి, మీరు తిరిగిన పేజీల స్క్రీన్‌షాట్లన్నీ జతచేయండి. జవాబు రాకపోతే అవే స్క్రీన్‌షాట్లతో బ్యాంకుకు ఫిర్యాదు చేయండి.