భర్త ఐపీ పెడితే భార్య సొంత ఆస్తికి ముప్పు ఉంటుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే నా భర్త నష్టాల్లో కూరుకుపోయి, ప్రామిసరీ నోట్ల మీద తెచ్చిన అప్పులు తీర్చలేక ఐపీ (దివాలా పిటిషను) పెట్టాలనుకుంటున్నారు. నేను ఉపాధ్యాయురాలిని. పెళ్లప్పుడు మా నాన్నగారు పసుపు కుంకుమల కింద తెనాలి దగ్గర ఎకరం పొలం నా పేరున రిజిస్టరు చేయించారు. విజయవాడ పటమటలో మా ఇద్దరి పేర్లతో బ్యాంకు రుణం మీద కొన్న ఫ్లాటుకు వాయిదాలన్నీ నా జీతం నుంచే కడుతున్నాను. 14 నెలల క్రితం ఆయన తన ఇంటి స్థలాన్ని నాకు గిఫ్టు డీడుగా రాసిచ్చారు. ఇవన్నీ అప్పులవాళ్లకు పోతాయా? పొలాన్ని వెంటనే చెల్లెలి పేరు మీదికి మార్చమని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పొలాన్ని మీ చెల్లెలి పేరు మీదికి మార్చకండి. మీకు నిక్కచ్చిగా చెందిన ఆస్తిని హడావిడిగా చేతులు మార్చితే, అది నిజానికి మీ భర్తదేనేమో అన్న అనుమానానికి మీరే చోటిచ్చినవారవుతారు. భర్త చేసిన అప్పుకు, అతని భార్య అయినంత మాత్రాన ఏ స్త్రీ బాధ్యురాలు కాదు. దివాలా ఉత్తర్వుతో కోర్టుకో, ఆ ఆస్తుల నిర్వహణకు కోర్టు నియమించే రిసీవరుకో దఖలు పడేది దివాలాదారుడి ఆస్తి మాత్రమే. అయితే ఏది ఎవరి ఆస్తి అన్నది దస్తావేజు మీది పేరు ఒక్కటే తేల్చదు. కొన్న సొమ్ము ఎవరిది, పేరు ఎప్పుడు మారింది అన్న రెండు విషయాలనూ రిసీవరు తప్పక తరచి చూస్తారు.

2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది కదా అని చాలామంది అడుగుతుంటారు. వ్యక్తులకు సంబంధించినంతవరకు ఆ స్మృతి 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికే అమలులోకి వచ్చింది. మీ భర్తవంటి వ్యాపారి సొంత అప్పులకు మన జిల్లాల్లో ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే వర్తిస్తుంది.

పొలం సంగతి తేలిక. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం అది మీ సంపూర్ణ హక్కు కలిగిన ఆస్తి, ఇచ్చినది మీ తండ్రి, దస్తావేజు రిజిస్టరయింది. అసలు దస్తావేజునూ పాసు పుస్తకాన్నీ జాగ్రత్త చేసుకోండి, అంతే. నోటిమాటగా ఇచ్చిన పసుపు కుంకుమ భూములతోనే కోర్టుల్లో అసలు తంటా. మీ తండ్రిగారు ముందుచూపుతో ఆ చిక్కు లేకుండా చేశారు.

ఇంటి స్థలం విషయంలో మాత్రం మీకు తీపి కబురు చెప్పలేను. ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం 53వ సెక్షను ప్రకారం, ఒక వ్యక్తి చేసిన బదలాయింపు తేదీ నుంచి రెండేళ్లలోపు దాఖలైన పిటిషను మీద అతన్ని దివాలాదారుడిగా ప్రకటిస్తే, ఆ బదలాయింపును కోర్టు రద్దు చేయవచ్చు. పెళ్లికి ముందు ఆ పెళ్లిని పురస్కరించుకుని ఇచ్చినదానికీ, సద్బుద్ధితో తగిన ప్రతిఫలం చెల్లించి కొన్నదానికీ మాత్రమే మినహాయింపు ఉంది. మీది పెళ్లయిన చాలా కాలానికి ప్రతిఫలం లేకుండా రాసిన గిఫ్టు, పైగా 14 నెలల కిందటిది. అలాగని దస్తావేజు దానంతట అదే చెల్లకుండా పోదు. రిసీవరు దరఖాస్తు చేసి కోర్టు రద్దు చేసేవరకు స్థలం మీదే. మిగిలిన 10 నెలలు గడిచాక ఐపీ పెడితే సరిపోతుందని మీకు సలహా ఇచ్చేవారుంటారు. నేను ఆ సలహా ఇవ్వను. అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన బదలాయింపును ఆస్తి బదలాయింపు చట్టం 53వ సెక్షను కింద ప్రశ్నించే దారి వారికి విడిగా ఉండనే ఉంది. గిఫ్టు రాసేనాటికి నోట్ల బాకీలు పేరుకుని ఉంటే ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడం వారికి కష్టమేమీ కాదు. పిటిషనులో ఈ గిఫ్టును దాచవద్దని మీ భర్తకు గట్టిగా చెప్పండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే బయటపడే విషయాన్ని దాచి సాధించేదేమీ లేదు, ఆస్తులు దాచిన దివాలాదారుడికి జైలు శిక్ష కూడా ఇన్సాల్వెన్సీ చట్టంలోనే రాసి ఉంది.

ఫ్లాటు విషయంలో మీ చేతిలో ఉన్న కాగితాలే ముఖ్యం. ఇద్దరూ కలిసి కొన్న ఆస్తిలో ఎవరి సొమ్ము ఎంత పెట్టారో ఆ నిష్పత్తిలో వాటాలుంటాయని, ఆ లెక్కకు ఆధారం లేనప్పుడు సమాన వాటాలుగా భావించాలని ఆస్తి బదలాయింపు చట్టం 45వ సెక్షను చెబుతోంది. కాబట్టి మొదట కట్టిన సొమ్ము ఎవరి ఖాతా నుంచి వెళ్లింది, వాయిదాలు ఏ ఖాతా నుంచి పోతున్నాయి అన్నది చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లను కొన్ననాటి నుంచి తీయించి పెట్టుకోండి. సగంకన్నా ఎక్కువ వాటా మీదేనని వాదించడానికి అవే ఆధారం, నిరూపించే భారం కూడా మీదే. మీ భర్త వాటా ఎంతని తేలితే అంత రిసీవరుకు దఖలు పడుతుంది, అదీ బ్యాంకు తనఖాకు లోబడి. తనఖా ఉన్న బ్యాంకు హక్కును ఐపీ తాకదు, కనుక వాయిదాలు ఆపకండి. రిసీవరు ఆ వాటాను అమ్మకానికి పెడితే మీరే కొనుక్కుంటామని ముందుకు రావచ్చు. మరొకరితో ఉమ్మడిగా ఉన్న ఫ్లాటులో వాటా కొనడానికి బయటివారు సాధారణంగా వెనకాడతారు కాబట్టి ఆ ప్రతిపాదనకు విలువ ఉంటుంది.

పుట్టింటివారు పెట్టిన నగలు మీ స్త్రీధనం, వాటి మీద భర్తకు హక్కు లేదు. మత ఆచారం ప్రకారం స్త్రీ విడవకూడని మంగళసూత్రంవంటి ఆభరణాలను, ఇంటి వంటపాత్రలను, పరుపులను జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజరు కోడ్ 60వ సెక్షనే చెబుతోంది.

మీరు రాయని విషయం ఒకటి ఉంది, నాకు అదే ఎక్కువ ఆందోళనగా ఉంది: మీరు ఎక్కడైనా సంతకం చేశారా? కమీషన్ కొట్లలో భార్యను కాగితం మీద భాగస్తురాలిగా చూపడం మన ప్రాంతంలో మామూలే. సంస్థలో మీరు భాగస్తులైతే, భాగస్వామ్య చట్టం 25వ సెక్షను ప్రకారం మీరు భాగస్తురాలిగా ఉన్న కాలంలో సంస్థ చేసిన ప్రతి బాకీకి మీరు కూడా పూర్తిగా బాధ్యులే. అప్పుడు మీ పొలం, జీతంలో చట్టం అనుమతించిన భాగం కూడా జప్తుకు గురికావచ్చు. నోటు మీద సహ సంతకం చేసినా, హామీదారుగా ఉన్నా అంతే. ఐపీ వల్ల మీ భర్తకు కలిగే విముక్తి మీకు కలగదు. మీ ఖాతా చెక్కులు ఖాళీగా సంతకం పెట్టి ఎవరికైనా ఇచ్చి ఉంటే, అవి బౌన్సయినప్పుడు వచ్చే క్రిమినల్ కేసు నేరుగా మీ మీదే వస్తుంది. మీరు ఎక్కడెక్కడ సంతకం చేశారో ఆ జాబితా మీ భర్తను కూర్చోబెట్టి ఈ వారంలోనే రాయించండి, పిటిషను ఆ తర్వాతే తయారు చేయించండి.

రేపు రిసీవరు మీ పొలాన్నో, ఫ్లాటులో మీ వాటానో మీ భర్త ఆస్తిగా లెక్కగట్టి స్వాధీనం చేసుకోబోతే, ఆస్తి ఎవరిదో తేల్చే అధికారం ఇన్సాల్వెన్సీ చట్టం 4వ సెక్షను కింద దివాలా కోర్టుకే ఉంది, అక్కడే దరఖాస్తు చేయండి. రిసీవరు తీసుకున్న చర్యపై అదే చట్టం 68వ సెక్షను కింద ఫిర్యాదు చేయడానికి గడువు 21 రోజులే కాబట్టి, నోటీసు అందిన రోజే దాన్ని మీ న్యాయవాదికి చేర్చండి.